పల్లీల పొట్లమంత దూరం

సచివాలయంలో ఫ్యాను తిరుగుతోంది గానీ
గాలంతా కంప్యూటరు వైపే పోతోంది.
ఆ కుర్రాడు మర్యాదస్తుడే,
కుర్చీ లాగి కూర్చోమన్నాడు.
ఆధారు నంబరు కొట్టగానే
అరిలోవలో మా రేకుల గది మీద
ఎర్రటి చుక్కొకటి వాలింది.
"ముందు కిలోమీటరు, తర్వాత మూడు కిలోమీటర్లమ్మా.
మీరడిగిన బడి వలయం బయట పడింది."

వలయమంటే ఏటి బాబూ అనలేదు.
రోజుకి రెండు కేజీల ఉల్లిపాయలు తరిగేదాన్ని,
చక్రాలు నాకు కొత్తా?
ఎంత బయట, అన్నాను.
"ఆరువందల మీటర్లు."

ఆరువందల మీటర్లంటే
ఎంవీపీ కాలనీ రైతుబజారు గేటు నుంచి
సుభాషిణిగారి మూడో అంతస్తు దాకా,
రెండు చేతుల్లో రెండు సంచులతో,
ఎండాకాలమైతే మధ్యలో ఒక్కసారి ఆగి.
పదకొండేళ్ళుగా నా కాళ్ళ కింద పడి ఉన్న దూరమే
ఇవాళ లేచి నా పిల్లకి అడ్డం నిలబడింది.

బడి ఆ వీధి చివరే.
పదిన్నరకి పప్పు తాలింపు వేస్తుంటే
వాళ్ళ గంట వినబడుతుంది.
లోహిత అక్కడ చదివితే
మూడున్నరకి చెయ్యి తుడుచుకుని వెళ్ళి తెచ్చుకుంటాను,
వంటింటి గుమ్మం పక్కన పీటేసి కూర్చోబెడతాను.
అంతే నా దురాశ.

మా వీధి బడి మంచిది కాదని నేననలేదు.
అక్కడ నూకరత్నం టీచరు
పిల్లల ముక్కులు కూడా తుడుస్తుంది.
కానీ మూడున్నరకి బడి వదిలాక
ఏడింటికి నేను ఆటో దిగేదాకా
ఆ గంటల చుట్టూ ఎవరూ ఏ వలయమూ గియ్యలేదు.
ఆటోనగర్లో వెల్డింగు చేసే మనిషి
ఎర్రబడ్డ కళ్ళతో నాకంటే వెనకొస్తాడు.

"మా అడ్రసు పెట్టెయ్" అన్నారు సుభాషిణిగారు.
"అద్దెకున్నట్టు కాగితం రాసిస్తాను,
ఎవరు చూడొచ్చారు?"
మంచి మనసే. పెన్ను మూత కూడా తీసేశారు.

ఆ రాత్రి జూలో సింహం, ముసలిది కాబోలు,
కొండ గొంతు సవరించుకున్నట్టు దగ్గింది.
నిద్ర పట్టక లెక్కేసుకున్నాను.
పొద్దున్న ఆరున్నర నుంచి రాత్రి ఏడు దాకా
నేనెక్కడున్నాను?
ఎవరి గిన్నెల మీద నా వేలిముద్రలు?
ఎవరింటి పాలవాడు నన్ను పేరు పెట్టి పిలుస్తాడు?
పడుకున్న చోటే చిరునామా అట,
మెలకువగా ఉన్న చోటు కాదట.
మరి ఆ కాగితం అబద్ధమా,
పగటి పూట వరకూ నిజమా?

తెల్లారి షేర్ ఆటోలో, హనుమంతవాక దాటుతుంటే
పిల్లనడిగాను:
ఎవరైనా సారొచ్చి మీ ఇల్లెక్కడంటే ఏం చెప్తావే?
పల్లీ నములుతూ అంది,
"సింహం అరిచే కాడ."

కాగితం వద్దులెండమ్మా అని చెప్పాను.
ఎందుకే అన్నారు.
కూర మాడుతోందని లోపలికి పోయాను.
మాడలేదు.

మళ్ళీ సచివాలయం. మళ్ళీ ఎర్ర చుక్క.
ఉన్న ఇల్లే రాయి బాబూ, అడిగిన బడే రాయి.
"రాదమ్మా" అన్నాడు.
రాదని నాకూ తెలుసు. రాయడానికి గడి ఉందా, లేదా?
ఉంది. కింద 'కారణము' అని ఇంకోటుంది,
వేలెడంత.
పదకొండేళ్ళు చెప్పాను.
వాడు విని, తల గోక్కుని,
'తల్లి పనిచేయు స్థలము' అని కొట్టాడు.
తప్పు లేదు. ఉప్పు లేదు.

లాటరీ ఎప్పుడో చెప్పలేదు.
పగిలిన గాజు కింద ఫోను వెలిగితే
గ్యాసు కంపెనీ మెసేజీలే.

లోహితకి మీటర్లు తెలీవు.
ఆటో ఎక్కగానే పొట్లం విప్పుతుంది.
ఇసుకతోటకి సగం అవుతుంది.
దిగి నడిచి, ఆ బడి గోడ దగ్గరికొచ్చేసరికి
అడుగున పొట్టూ, కాస్త ఉప్పూ.
"దగ్గిరేనమ్మా" అంటుంది,
కాగితం నాకుతూ.